పన్నెండో డిస్కు

ఆ వేసవిలో నేను ఒక స్క్రూని పావు చుట్టు తిప్పాను. తర్వాత మా ఇంట్లో జరిగినదంతా దాన్నుంచే వచ్చింది.

మామయ్యగారి కంప్యూటరు ఆయన గదిలో కిటికీ పక్కన ఉండేది. ఒకప్పుడు మీగడ రంగు, అప్పటికి గారపట్టిన పళ్ళ రంగు. ఆయన ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన అచ్చాఫీసువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నారట. ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు డ్రైవులు, రెండు నోళ్ళలాగా. అరచేతికంటే కాస్త పెద్దవైన, పల్చటి నల్లటి ఫ్లాపీ డిస్కులు వాటిలోకి వెళ్ళేవి. కింది నోరు ఎప్పుడో పడిపోయింది. పై నోరు మాత్రం కరకరా నములుతూ పనిచేసేది.

ఆ యంత్రం మీద ఆయన చేసే పని ఒక్కటే, గళ్ళ నుడికట్లు కూర్చడం. పలక మీద గళ్ళు గీసి, పదాలు అల్లి, అడ్డం నిలువు ఆధారాలు రాసి, అన్నీ కుదిరాక కంప్యూటరులోకి ఎక్కించి పలక తుడిచేసేవారు. మన అక్షరాలు దానికి రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో తనకు తానే ఒక లిపి తయారుచేసుకున్నారు. కాగితం మీద ఏదీ ఉంచేవారు కాదు. "కాగితం చెదలకి, డిస్కు నాకు" అనేవారు.

ఒక వారపత్రికలో ఇరవై ఏళ్ళు ఆయన నుడికట్టు వచ్చింది. ఆ పత్రికా, ఈయన ప్రింటరూ ఒకే ఏడాది మూలపడ్డాయి. ఆయన కూర్చడం మాత్రం ఆపలేదు. అచ్చయినవి పోగా అచ్చుకానివే వెయ్యి దాకా ఉండేవి. మొత్తం ఎనభై డిస్కులు, నాలుగు చెప్పుల పెట్టెల్లో, వరస నంబర్లతో.

వేసవి మొదట్లో ఒక ప్రచురణాలయం ఆవిడ ఫోన్ చేసింది. చిన్నప్పట్నుంచీ ఆయన నుడికట్లు పూరించిందట. అచ్చుకాని వెయ్యీ ఒకే పుస్తకంగా వేస్తాను, వానలు మొదలయ్యేలోపు ఇవ్వండి అంది. ఫోన్ పెట్టేశాక మామయ్యగారు చాలాసేపు గదిలో అటూ ఇటూ నడిచారు. ఆయన చెప్పులు నేలకి రాసుకుంటున్న చప్పుడు వంటింట్లోకి వినబడింది. డెబ్భై రెండేళ్ళ మనిషికి మొదటి పుస్తకం.

"పానాగారూ, ఒకసారి ఇలా దయచేస్తారా?"

మామయ్యగారు నన్ను పేరుతో పిలవరు. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలో ఆగిపోయిన ఫ్యాను విప్పి బాగుచేశానని నాకు పానా అని పేరు పెట్టారు. "కోడలు పెట్టెతో వస్తుందనుకుంటే పానాతో వచ్చింది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేవారు.

"చెప్పండి మామయ్యగారూ."

"చెప్పు. రెండక్షరాలు. నోరు విప్పమంటే కాలికి తొడుక్కునేది." తనే నవ్వుకున్నారు.

"నాన్నా, ముందు పని చెప్పు" అన్నాడు మా ఆయన, భోజనం పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. మా ఆయనది కళ్ళద్దాల దుకాణం. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఇంట్లో కూడా గొంతు పెంచేవాడు కాదు.

నేను ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసే విభాగంలో పనిచేస్తాను. ఏం చెయ్యొచ్చో మామయ్యగారికి చెప్పాను. చచ్చిపోయిన కింది డ్రైవు తీసేసి, దాని చోట ఇప్పుడు దొరికే చిన్న పెట్టె పెడతాను. కంప్యూటరు దాన్ని డిస్కు డ్రైవనే అనుకుంటుంది. లోపల ఉండేది మాత్రం పెన్‌డ్రైవు. పై డ్రైవుని ఆసుపత్రికి తీసుకెళ్ళి శుభ్రం చేసి, బెల్టు మార్చి, సరిచూసి తెస్తాను. తర్వాత పైన ఒక్కో డిస్కూ పెట్టి కిందకి నకలు తీసుకుంటే ఎనభై డిస్కులూ వేలెడంత దానిలోకి వచ్చేస్తాయి.

"ఎన్నాళ్ళు?"

"వారం."

"చూడమ్మా పానా, నీ చేతిలో ఏదైనా చివరిదాకా నిలుస్తుందా అని నా అనుమానం."

యంత్రాల గురించే అన్నారేమో. మా ఆయన నీళ్ళగ్లాసు అందుకున్నాడు.

అంతకు ఆరేళ్ళ క్రితం నాకు ఏడో నెలలో పోయింది. ఊయల ముందే కొనేశాం. కట్టిన అట్ట కూడా విప్పకుండా దాన్ని మేడ మీద గదిలో పెట్టేశారు. నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో వారం, పత్రికలో ఆయన నుడికట్టులో అడ్డం తొమ్మిది ఇలా ఉంది: "కొన్నారు, ఊపలేదు (3)."

ఆ పేజీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. "ఇది నా గురించేనా మామయ్యగారూ?" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత పేజీ మడిచి నా చేతికిస్తూ, "సరిపోయిందా?" అన్నారు.

అంతే అన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళూ ఆయనకి నేను వేళకి కాఫీ ఇచ్చాను, మందులిచ్చాను, కళ్ళలో చుక్కలు వేశాను. ఇవన్నీ చేస్తూ ఒక మనిషిని ఎంత దూరంగా ఉంచొచ్చో నాకు తెలుసు.

* * *

మా విభాగంలో ఒక నియమం ఉంది. ముందు నకలు, తర్వాత మరమ్మతు. లోపల రీడింగులు దాచుకునే యంత్రం ఏదొచ్చినా ముందు అవి బయటికి తీసి భద్రం చెయ్యాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఇది నేర్పుతారు.

డ్రైవుని బల్ల మీద పెట్టి మూత విప్పాను. బెల్టు మార్చాను. డిస్కు మీద రాసి చదివే హెడ్డుని దూదితో తుడిచాను. దూది గోధుమరంగుకి తిరిగింది. తర్వాత వైర్లు తగిలించి, సరిచూసే డిస్కు లోపల పెట్టాను. అది ఫ్యాక్టరీలో రాసిన డిస్కు. దాన్ని చదువుతున్నప్పుడు ఆసిల్లోస్కోపు తెర మీద రెండు గుండ్రటి ఆకారాలు పక్కపక్కన కనిపిస్తాయి. మేం వాటిని పిల్లికళ్ళు అంటాం. హెడ్డు సరైన చోట ఉంటే రెండు కళ్ళూ ఒకే సైజులో ఉంటాయి.

నాకు కనిపించిన పిల్లికి ఒక కన్ను పెద్దది. రెండోది దాదాపు మూసుకుపోయింది.

ఎక్స్‌రే యంత్రాలు చూసే సహోద్యోగి వెనకనుంచి తొంగిచూశాడు. "ఏంటక్కా, నీకు కన్నుకొడుతోంది?"

"వంకరపోయింది."

"ఎన్నాళ్ళనుంచో?"

"ఏళ్ళనుంచీ."

"అయ్యబాబోయ్! అయితే ఇన్నేళ్ళూ రాసినవన్నీ వంకరగానే రాసుంటుందే. దీన్ని సరిచేస్తే అవి దీనికే రావు." గీతల పుస్తకంలో ఎప్పుడూ గీతకి పైన రాసే మనిషిని ఊహించుకోండి. తన రాత తను చదువుకుంటాడు. అతని కళ్ళు గీత మీదికి దిద్దితే తన రాతే తనకి కనబడదు. "నకలు తీసేశావా?" అని అడిగాడు.

"తీశాను" అన్నాను.

అతను టీకి వెళ్ళిపోయాడు.

ఆ క్షణంలో నాకు కోపంగా ఉందేమోనని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. కోపంగా ఉంటే చెయ్యి వణికేది. చెయ్యి చాలా నిలకడగా ఉంది. బిగింపు వదులుచేసి, స్క్రూడ్రైవర్ కొనతో పావు చుట్టు తిప్పాను. మూసుకున్న కన్ను మెల్లగా తెరుచుకుంది. రెండూ సమానం అయ్యేదాకా చూసి మళ్ళీ బిగించాను. కంపెనీ పుస్తకంలో రాసిన అంకె ఎంతో అంతే, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. నేను ఏ తప్పూ చెయ్యడం లేదు. వంకరగా ఉన్నదాన్ని సరిచేస్తున్నాను. అప్పుడు నాలో ఉన్న హాయికి నేనివ్వగలిగిన పేరు అదే, సరిగ్గా చేసిన పని.

* * *

బిగించిన రోజు మామయ్యగారు ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. మా ఆయన కూడా దుకాణం నుంచి భోజనానికి వచ్చినవాడు ఉండిపోయాడు. మొదటి డిస్కు పెట్టారు. కరకర లేదు. మెత్తగా గుర్రుమంది. తెర మీద ఆకుపచ్చగా పేర్ల వరస దిగింది.

"అబ్బో! పానాగారు డాక్టరుగారయ్యారు."

రెండు, మూడు, నాలుగు. ఒక్కోదాన్నీ కిందికి నకలు తీశాం. పదకొండో డిస్కు దాకా ఆయన ఈలవేస్తూనే ఉన్నారు. పన్నెండోది పెట్టాక డ్రైవు ఒకసారి గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. చదవలేకపోతున్నానని తెర మీద ఒక వాక్యం వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాలా అని అడిగింది.

"ప్రయత్నించు" అన్నారు ఆయన యంత్రంతో.

మళ్ళీ అదే వాక్యం.

డిస్కు బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టారు. అదే వాక్యం. పదమూడు పెట్టారు. పద్నాలుగు. నేను పక్కన నిలబడి చెప్పుల పెట్టెల్లోంచి ఒక్కో డిస్కూ తీసి అందించాను. ఆయన అది పెడతారు, గుర్రు వింటారు, వాక్యం చదువుతారు, తీసి నా చేతికిస్తారు. నేను తర్వాతది ఇస్తాను. ఇరవయ్యోదానికి ఆయన చొక్కా వీపున తడిసింది. నలభయ్యోదానికి ఆయన వేలు మీట దొరక్క తడుముకుంది. ఆపుదామని నేను అనలేదు. ఎనభై దాకా అందించాను. చివరి డిస్కు మీద "ఇటీవలివి, మంచివి" అని ఆయన చేతిరాతతో ఉంది. దాన్ని ఆయన మూడుసార్లు పెట్టారు.

"డిస్కులు పాతబడిపోయాయేమో మామయ్యగారూ. ఎండలకి పాడవుతాయి" అన్నాను.

"పాతవే బాగున్నాయి కదా. కొత్తవి పాడవడమేంటి?"

ఆ సమాధానం ఆయనే చెప్పుకోవాలని చూశాను.

వంటింట్లో మా ఆయన నా వెనకే వచ్చాడు. కుళాయి తిప్పి, చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"నిజంగా రావా?"

"రావు."

"ఏం చేసినా?"

"ఏం చేసినా."

కుళాయి కట్టేశాడు. భుజాలు ఒక్క అంగుళం కిందికి దిగాయి. అద్దం ఫ్రేములో సరిగ్గా కూర్చున్నప్పుడు దుకాణంలో అలాగే ఊపిరి వదులుతాడు.

"నాకు పదేళ్ళప్పుడు పక్క తడిపాను. ఒక్కసారే. తర్వాతి ఏడాది పత్రికలో వేశాడు. నిలువు ఆరు" అన్నాడు.

"ఏమని?"

"చెప్పను." నవ్వాడు. "బళ్ళో మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి పూరించమన్నాడు. నేనే లేచి పూరించాను."

తువ్వాలుతో చేతులు తుడుచుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. నాకు అతని మీద జాలి కలగాలి. ఒళ్ళు మండింది. నేను ఒంటరిగా చేసిన పనిలోకి అతను చెప్పులు విడవకుండా నడిచి వచ్చేసినట్టనిపించింది.

* * *

తొమ్మిది రోజులు మామయ్యగారు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పదో రోజు మధ్యాహ్నం మా గది గుమ్మంలో నిలబడ్డారు. మా పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన మా గది దాకా రావడం అదే మొదటిసారి. చేతిలో పలక ఉంది.

"కూర్చోండి మామయ్యగారూ."

కూర్చోలేదు. పలక నా వైపు తిప్పారు. మధ్యలో ఒక గీత. గీతకి ఎడమన ఒకటి నుంచి పదకొండు. కుడిన పన్నెండు నుంచి ఎనభై.

"పన్నెండోది మొదలెట్టిన వారం టైపుమిషన్ల మెకానిక్ ఒకడు ఆ డ్రైవుని విప్పాడు. అప్పట్నుంచే కరకర మొదలైంది. నేను పట్టించుకోలేదు. పనిచేస్తోంది కదా అనుకున్నాను." ప్రూఫు చదువుతున్న గొంతు, ప్రతి మాట మీదా వేలు పెట్టి. "వాడు వంకర చేశాడు. ఆ వంకరలోనే నేనన్నీ రాశాను. ఇప్పుడు నువ్వొచ్చి సరిచేశావు. అంతేనా?"

ఆయన అంత దాకా వస్తారని నేననుకోలేదు.

"అంతే అయ్యుండొచ్చు" అన్నాను.

"నిన్నేం అనడం లేదు. నీ పని నువ్వు సరిగ్గానే చేశావు." పలక కిందికి దించారు. గొంతు ఎక్కడో తగ్గింది. "మళ్ళీ వంకర చెయ్యమ్మా."

ఆ అమ్మా అన్న మాటలో పానా లేదు, వెటకారం లేదు. నాకు అదే నచ్చలేదు. ఆయన వంగడం ఎలా ఉంటుందో చూడాలని ఇన్నేళ్ళు కోరుకున్నాను. ఎదురుగా చూసేసరికి ఇంకొంచెం వంగితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"ప్రయత్నిస్తాను. హామీ ఇవ్వలేను మామయ్యగారూ."

"హామీ ఎవరడిగారు? ప్రయత్నించు చాలు."

* * *

నలభై నిమిషాలు పట్టింది.

ఆసుపత్రి సామాన్ల గదిలో, పక్కనపెట్టిన రక్తపరీక్షల యంత్రానికి తగిలించిన పాత కంప్యూటరు ఒకటి ఉంది, అచ్చం మామయ్యగారి దానిలాంటిదే. డ్రైవునీ, నకలు తీసే చిన్న పెట్టెనీ దానికి తగిలించి, ఇంటినుంచి మోసుకొచ్చిన డిస్కుల్లోంచి పన్నెండోది పెట్టి, స్క్రూని వెనక్కి వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోయాను. పావు చుట్టుకి కాస్త ఇవతల డ్రైవు కరకరలాడింది. పేర్ల వరస దిగింది.

అరవై తొమ్మిది డిస్కులూ చదివింది. ఒక్కటి కూడా పాడవలేదు.

అన్నింటికీ ఇంకో పెన్‌డ్రైవులోకి నకలు తీశాను. సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఎదురుచూస్తున్న మనిషితో, "ఇవాళ రాలేదు మామయ్యగారూ" అన్నాను.

రెండు వారాలు అలా చెప్పాను. "ఇవాళ?" అని అడిగేవారు. "ఇంకా లేదు" అనేదాన్ని. ఎండలో వచ్చానని మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చేవారు. ఆ నీళ్ళు తాగేదాన్ని.

మధ్యాహ్నం భోజనం వేళల్లో సామాన్ల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఆయన నుడికట్లు చదివేదాన్ని. ఆయన లిపి రెండు రోజుల్లో పట్టుబడింది. మొదట ఇంటి గురించి ఏం రాశారో చూద్దామని తెరిచాను. మెల్లగా పూరించడం మొదలెట్టాను. బాగా రాశారు. "పంచుకుంటే మిగిలేవి, కాస్తే పొంగేవి (2)" అన్నది చూసి, పాలు అని నవ్వుకుని, నవ్వినందుకు చుట్టూ చూశాను. "ఎటు తిప్పినా కాలి వెనకే (3)": మడమ. "ఎటునుంచి చూసినా అబద్ధమే (3)": నటన. ఒక్కో నుడికట్టు మూడుసార్లు నాలుగుసార్లు చదివేదాన్ని. ఆయనకి నాకంటే మంచి పాఠకులు ఎప్పుడూ ఉండుండరు.

ముప్ఫై ఒకటో డిస్కులో అది దొరికింది. అడ్డం తొమ్మిది. కొన్నారు, ఊపలేదు.

ఆ కాలపు కంప్యూటర్లలో గడియారం ఉండదు. వెలిగించిన ప్రతిసారీ ఇవాళ తేదీ ఎంత అని అడుగుతుంది. చాలామంది ఏదో ఒకటి కొట్టేస్తారు. ప్రూఫులు దిద్దిన మనిషి తప్పు తేదీ కొట్టడు. ఆ నుడికట్టు పక్కన ఉన్న తేదీ మా పెళ్ళికి నాలుగేళ్ళ ముందుది. అప్పటికి నేను ఈ ఇంటి వీధి కూడా చూడలేదు. పత్రికకి ఏడాదికి సరిపడా యాభై రెండు నుడికట్లూ ఎప్పుడెప్పుడో కూర్చినవాటిలోంచి ఏరి ఏడాది మొదట్లోనే పంపేవారు. ఏ వారం ఏది వెయ్యాలో పత్రికవాళ్ళ ఇష్టం. ఇది నాకు ఎప్పుడూ తెలిసిన సంగతే.

మరి అది ఎవరి ఊయల? మా అత్తగారిని నేను చూడలేదు. మా ఆయనకి ముందు ఎవరైనా ఉన్నారా అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పేజీని ఆయన చాలాసేపు చూడడం గుర్తొచ్చింది. అప్పుడు ఆయన చూస్తున్నది నన్ను కాదేమో. అయినా కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను నొచ్చుకున్నానని తెలిసీ, దాన్ని నా మీదే ఉండనిచ్చారు. సరిగ్గా అతికిన పదాన్ని చెరపడం ఆయనకి చేతకాదు.

పశ్చాత్తాపం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. దానికి బదులు నన్ను దోచుకున్నట్టు అనిపించింది. ఆరేళ్ళు నేను పెంచుకున్నది నాది కాదని ఎవరో లాక్కుపోయినట్టు. ఆ సాయంత్రమే డ్రైవుని మళ్ళీ సరిచేశాను. రెండు పిల్లికళ్ళూ సమానం. ఇంటికి తెచ్చి కంప్యూటరులో బిగించాను.

"ఇంక రావు మామయ్యగారూ. చెయ్యగలిగింది చేశాను."

ఆయన తలూపారు. "చాలా కష్టపడ్డావమ్మా. ఎండల్లో మోసుకెళ్ళావు."

పెన్‌డ్రైవు నా సంచిలో, తాళాల గుత్తికి వేలాడుతోంది.

* * *

ఆ తర్వాత ఆయన గుర్తుతెచ్చుకుని మళ్ళీ రాయడం మొదలెట్టారు. వానలకి ఇంకా నెల ఉంది. వెయ్యి కాకపోతే రెండొందలన్నా ఇస్తానని ఫోన్లో చెప్పారు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ పలక, కళ్ళజోడు. నాలుగు పదాలు గుర్తొస్తాయి, అయిదోది రాదు. అయిదోది లేకపోతే నాలుగూ నిలబడవు. తుడిచేసేవారు. ఆయన బనియను నిండా సుద్దపొడి. ఒక రోజు ఒకే నుడికట్టుని మూడోసారి, కొత్తదనుకుని కూర్చడం చూశాను. చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన టేబులు ఫ్యాను ఆగిపోతే నేను గదిలో నేల మీద కూర్చుని విప్పుతున్నాను. ఆయన కుర్చీలో పలక ఒళ్ళో పెట్టుకుని గొణుక్కుంటున్నారు.

"నిలువు పద్నాలుగు నటన. న, ట, న. దీని మధ్యలోంచి టతో అడ్డంగా ఏదో పోయింది... పోలేదా? ఇక్కడ కుదరడం లేదే..."

ఫ్యాను రెక్క బిగింపు తుప్పుపట్టి రావడం లేదు. నా దృష్టంతా దాని మీదే ఉంది.

"పద్నాలుగు మడమ కదా. నటన పదహారు" అన్నాను.

సుద్దముక్క చప్పుడు ఆగింది.

తల ఎత్తకూడదని తెలుసు. ఎత్తాను. మామయ్యగారు పలక వైపు చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి. మ, డ, మ. మెల్లగా పద్నాలుగులో మడమ పెట్టారు. పదహారులో నటన పెట్టారు. అడ్డం పదాలు రెండూ వాటంతటవే అతుక్కున్నాయి. అచ్చుకాని నుడికట్టు అది. ఆయనా, ఆ డిస్కూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ఆయన నా వైపు తిరిగారు. అరుస్తారని చూశాను. అడుగుతారని చూశాను. కళ్ళజోడు తీసి, బనియను అంచుతో సుద్దపొడి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫ్యాను తిరుగుతుందా అమ్మా?"

"తిరుగుతుంది."

"అయితే బిగించు. ఉక్కగా ఉంది."

* * *

మర్నాడు సెలవు. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున కాఫీలయ్యాక మామయ్యగారు హాల్లోకి వచ్చి, మా ఇద్దరి ఎదురుగా కూర్చుని, ప్రచురణాలయం ఆవిడకి ఫోన్ చేశారు.

"లేవండి. ఏవీ మిగల్లేదు... రెండొందలు కూడా లేవండి. తప్పుగా మాటిచ్చాను." ఆవిడ ఏదో అంటోంది. చాలాసేపు విన్నారు. "మీ అభిమానం. ఇంకో మాట చెప్పాలి. రేపెప్పుడైనా, నేనున్నా పోయినా, ఎవరన్నా ఇవి ఫలానా ఆయనవి అని నుడికట్లు తెచ్చిస్తే వెయ్యకండి. మా ఇంట్లోవాళ్ళు తెచ్చినా సరే. అవి నావి కావు... ఆఁ, నావి కావు. ఈ సంగతి ఇవాళే కాగితం మీద రాసి, సంతకం పెట్టి పోస్టు చేస్తాను. దాచిపెట్టుకోండి."

ఫోన్ పెట్టేశారు. మా ఆయన నన్ను చూశాడు. నేను కాఫీ గ్లాసులు తీశాను.

"ఎవరు తెస్తారు నాన్నా? ఉన్నవి పోయాయి కదా."

"పోయాయి కాబట్టే. పోయినవాటికి నకిలీలు పుడతాయి. ఆ పెద్ద కత్తెర ఇలా ఇవ్వు."

చెప్పుల పెట్టెలు నాలుగూ తన ముందు పెట్టుకుని, ఒక్కో డిస్కూ తీసి, నంబరు చదివి, నిలువునా కత్తిరించారు. తొందరపడలేదు. మా ఆయన కాసేపు చూసి, లోపలికి వెళ్ళి రెండో కత్తెర తెచ్చి, తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి కత్తిరించారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఏ పనైనా చెయ్యడం నేను చూడలేదు. మధ్యలో మామయ్యగారు ఏదో అన్నారు, మా ఆయన నవ్వాడు. ఏమన్నారో నాకు వినబడలేదు. నన్ను ఎవరూ పిలవలేదు.

సాయంత్రానికి ఉక్క ఇంకా పెరిగింది. మామయ్యగారు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. వెలిగించలేదు. పోస్టు చెయ్యాల్సిన కవరు బల్ల మీద ఉంది, అంటించి ఉంది. నేను తాళాల గుత్తిలోంచి పెన్‌డ్రైవు తీసి, ఆ కవరు పక్కన పెట్టాను. ఆయన నన్ను తిట్టాలి. చేతికందింది తీసి నా మీద విసరాలి. అంత జరిగితే మిగిలినది నేను భరించగలను.

ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఎవరిదమ్మా ఇది?"

ఫ్యాను గాలికి కవరు మూల లేచి పడుతోంది. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. దారిలో దొరికిన వస్తువు ఎవరిదో కనుక్కునే మనిషి ముఖం అది. అంతకంటే ఏమీ కనబడలేదు.

"నాదే" అన్నాను.

నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. "అయితే జాగ్రత్తగా పెట్టుకో."